పదకొండు ఆటోలు

ఏలూరు,
4 మే 2025.

అమ్మాయ్ దేవీ,

నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎత్తకపోతే ఊరుకునే రకం కాదు మీ సోషల్ మాస్టారని ఎనిమిదో తరగతిలోనే నీకు తెలుసు. అందుకే కాగితం తీశాను.

మీ అమ్మ ఎలా ఉంది? ప్రయాణంలో తుంటి నొప్పి పెట్టిందా? నువ్వు ఆవిణ్ణి తాడేపల్లిగూడెం తీసుకెళ్లే హడావిడిలో డిశ్చార్జి కాగితం చదివి ఉండవు. నేను చదివాను. 'నడుస్తూ జారిపడినట్లు' అని ఉంది. జారిపడిందా! ఏప్రిల్ ఇరవై రెండు, ఉదయం ఆరూ పది, కాలువ గట్టు రోడ్డు. నేను ముప్పై అడుగుల దూరంలో ఉన్నాను. పాపాయమ్మ నెత్తిన చేపల తట్టతో బజారు గేటు వైపు పోతోంది. వెనకనుంచి స్కేటింగ్ క్లాసు పిల్లలు పద్నాలుగు మంది, కాళ్లకు చక్రాల బూట్లు. మొదట వస్తున్న పిల్ల ఆగలేక నేరుగా మీ అమ్మ మోకాళ్ల వెనక గుద్దింది. చేపలు రోడ్డంతా పడి కొట్టుకుంటున్నాయి. ఆ మనిషి మాత్రం కదల్లేదు.

ఇది నేను ఆస్పత్రి గుమాస్తాకు చెప్పాను. ఆయన ఏమన్నాడో తెలుసా? "ఇక్కడ వాహనం నంబరు అని గడి ఉందండీ. నంబరు చెప్పండి, రోడ్డు ప్రమాదమని రాస్తాను. నంబరు లేకపోతే జారిపడ్డట్టేనండీ."

బండి గుద్దితే ప్రమాదం. గేదె కుమ్మితే దానికీ ఒక మాట ఉంది. చక్రాలు కట్టుకున్న కాళ్లు గుద్దితే మాత్రం ముసలమ్మ జారిపడింది! చక్రాల మీద కూర్చుంటే వాహనం, చక్రాలు కాళ్లకు కట్టుకుంటే పాదచారి. ఇదీ మన కాగితాల తెలివి.

నేను వదలను. జూన్ ఇరవై తొమ్మిదిన మా ఉదయ నడక వేదిక సర్వసభ్య సమావేశం ఉంది. గట్టు రోడ్డు మీద స్కేట్లు, స్కేటుబోర్డులు, ఆ నిలబడి తోలే కరెంటు బళ్లు, అన్నీ నిషేధించాలని తీర్మానం పెడుతున్నాను. మీ అమ్మ వాంగ్మూలం కావాలి. రెండు పేజీలు చాలు. నువ్వు రాసి సంతకం పెట్టించు.

వెంటనే రాయి.
భానుప్రకాష్


తాడేపల్లిగూడెం,
11 మే 2025.

పూజ్యులైన మాస్టారికి దేవి నమస్కారాలు.

ఫోన్ ఎత్తనందుకు తిట్టుకోకండి. ఫోనైతే మీరు మాట్లాడతారండీ, నేను వింటాను. ఉత్తరమైతే నేనూ మాట్లాడొచ్చు.

అమ్మ తిండి తింటోంది. వాకరు పట్టుకుని మంచం నుంచి గుమ్మం దాకా వస్తోంది. కానీ మనిషి ఇక్కడ లేదండీ. తెల్లారకుండానే లేచి కూర్చుని "ఆటో వచ్చిందా?" అంటుంది. ఇది గూడెమమ్మా, మన ఊరు పైడిలంక కాదు, ఇక్కడ చేపలాటో రాదు అని చెబితే, కాసేపాగి మళ్లీ "రత్నం ఫోన్ చేసిందా?" అంటుంది. మా అంగన్వాడీలో పాతిక మంది పిల్లలు కలిసి కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగరు.

దాని బెంగంతా బజారులో స్థలం గురించేనండీ. గేటుకు ఎడమపక్క, మూడడుగులు. నా చిన్నప్పటినుంచీ అదే చోటు. అమ్మ కత్తిపీట అక్కడే పెట్టి, పక్కనుండే రత్నం పిన్ని కాపలా కాస్తోంది. మనిషి జబ్బు పడితే ఎవరూ ఆ పీట జరపరు, అదొక మర్యాద. కానీ శ్రావణం దాకానే. శ్రావణంలో బేరాలు పడిపోతాయి కదండీ, అప్పుడు ఖాళీగా ఉన్న చోట్లు సర్దుకుంటారు. అమ్మ ఆ లోపల వెళ్లి కూర్చోకపోతే పోయినట్టే. శ్రావణం జూలై ఇరవై ఐదున వస్తుంది. నేను క్యాలెండరు చూడక్కర్లేదు, రోజూ పొద్దున్నే అమ్మే చెబుతుంది.

ఇంకో మాట కూడా చెప్పారు డాక్టరు గారు. మూడు నెలలకు కర్ర పట్టుకుని నడుస్తుందంట. నెత్తిన బరువు మాత్రం ఇక ఎప్పటికీ కుదరదంట. అమ్మ ఆయన ఎదుట "అలాగేనండీ" అంది. ఆయన వెళ్లాక గోడ వైపు తిరిగి పడుకుంది.

వాంగ్మూలం సంగతి తర్వాత రాస్తాను. ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఆ రోజు అమ్మ గట్టు రోడ్డు మీద ఎందుకు నడుస్తోందండీ?

మీ శిష్యురాలు,
దేవి


ఏలూరు,
17 మే 2025.

దేవీ,

ఎందుకు నడుస్తోంది అని నన్ను అడుగుతావా? నడవడం ఆవిడ హక్కు కాబట్టి! నిన్నూ ఈ జబ్బు పట్టుకుందా? దెబ్బ తిన్నవాళ్లనే మొదట నిలదీయడం: అక్కడెందుకున్నావు, ఆ టైముకెందుకు వెళ్లావు, చూసుకోవక్కర్లేదా. ఆ రోడ్డుకు బళ్లు రాకుండా నేను రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది మనుషులు నిశ్చింతగా నడవాలనే. ఐదు నుంచి ఎనిమిది వరకు రెండు చివర్లా గొలుసు. ఈ ఊళ్లో పాదచారికి దక్కిన ఒకే ఒక్క కిలోమీటరు అది. దాన్ని ఈ చక్రాల బూట్లవాళ్లు కాజేశారు.

స్కేటింగ్ కోచ్ ఫణికిరణ్‌ను పట్టుకుని అడిగాను. కుర్రాడు చాలా మర్యాదస్థుడు. మర్యాద చూస్తేనే నాకు ఒళ్లు మండింది.

"ఆంటీ పక్కకు జరగలేదు సార్. మా పాప 'ఎక్స్‌క్యూజ్ మీ' అంది కూడానండీ."

"నెత్తిన తట్ట ఉన్న మనిషిని ఇంగ్లీషులో జరగమంటే జరుగుతుందటయ్యా?"

"జిల్లా సెలక్షన్లు దగ్గర పడ్డాయండీ, పిల్లలకు వేరే చోటు లేదు. మీకు తెలియనిదేముంది సార్."

తర్వాత నేను ఎముకల వార్డుకు వెళ్లి వాకబు చేశాను. మీ అమ్మ ఒక్కతే కాదు. రిటైరైన పోస్టుమాస్టరు గారొకాయన, అపార్టుమెంటు మెట్ల దగ్గర కరెంటు స్కూటరు తగిలి మణికట్టు విరిగింది. ఓ చిన్న పిల్ల తల్లి, పక్క సందులో స్కేటుబోర్డు కాళ్ల కిందకు జారొచ్చి చీలమండ పోయింది. అందరి కాగితాల మీదా ఒకటే మాట, జారిపడినట్లు. ఊరు ఊరంతా ఉన్నట్టుండి జారిపడుతోందమ్మా!

ఆ గుద్దిన పిల్ల పేరు శ్రీదుర్గ. తండ్రి వినయ్ అని బ్యాంకు ఉద్యోగి, మా వేదిక సభ్యుడే. పిల్ల సరిగ్గా తిండి తినడం లేదంటూ నా దగ్గరికొచ్చి కన్నీళ్లు పెట్టుకున్నాడు. నేనేం చేయను? తుంటి విరిగిన మనిషి కంటే తిండి మానేసిన పిల్ల మీద జాలిపడేంత మెత్తదనం నాకు లేదు.

వాంగ్మూలం పంపు.
భానుప్రకాష్


తాడేపల్లిగూడెం,
2 జూన్ 2025.

మాస్టారికి నమస్కారాలు.

ఇది మూడోసారి రాయడం. మొదటి రెండూ చింపేశాను.

శ్రీదుర్గ వచ్చిందండీ. వాళ్ల నాన్నగారు మొన్న ఆదివారం తీసుకొచ్చారు. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడిపోయింది. అమ్మే పిలిచింది.

"రామ్మా. ఆ చక్రాలేవీ, తెచ్చుకోలేదా? చూద్దామనుకున్నానే."

పిల్ల తల అడ్డంగా ఊపింది.

"అవి నాకూ ఒక జత ఉంటే ఆటోవాడి ముఖం చూడకుండా పైడిలంక నుంచి జారుకుంటూ వచ్చేదాన్ని" అంది అమ్మ. పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. "నేను పిలిచానండీ, మీరు చూడలేదు" అంటుంది వెక్కుతూ. అమ్మ తన చేత్తో నా మెడ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూపించింది. "ఇలా తిరుగుతుంది మామూలు మెడ. చుట్టకుదురు పెట్టి ముప్పై కేజీలు పైన పెడితే మెడ ఉండదమ్మా, కొయ్య ఉంటుంది. వెనక చప్పుడు విన్నాను. ఎవరో పెట్టె లాక్కెళుతున్నారనుకున్నాను." ఎవరూ చెప్పలేదంటండీ ఆ పిల్లకి. బరువు నెత్తినున్న మనిషి తిరిగి చూడలేదని పన్నెండేళ్లు వచ్చినా తెలియని పిల్లలు ఊళ్లో ఉన్నారు. తప్పు ఆ పిల్లది అనాలనిపించలేదు నాకు.

తట్ట వదిలేసి చేతులు ఆనించుకుని ఉంటే తుంటి దక్కేదేమో అని డాక్టరు గారన్నారు. అమ్మ వదల్లేదు. రెండు చేతులూ తట్టకే ఉన్నాయి. వదిలేయడమనేది తనకు తట్టనేలేదంట.

ఇక నేను అడిగిన ప్రశ్న, మీరు జవాబు రాయని ప్రశ్న. అమ్మకు ఆ రోడ్డు మీద నడవాల్సిన పని ముప్పై ఏళ్లలో ఎప్పుడూ పడలేదండీ. చేపలాటో పైడిలంకలో బయల్దేరితే బజారు గేటు ముందే ఆగేది. ఒకరి తట్ట ఒకరు దింపుకునేవాళ్లు. మీరు గొలుసు వేశాక ఆటో ఆ చివరే ఆగిపోతోంది. అక్కణ్ణుంచి గేటు దాకా కిలోమీటరు, అందరూ తట్టలెత్తుకుని నడుస్తున్నారు. మధ్యలో దించుకోవడానికి లేదు. దించితే మళ్లీ ఎత్తడానికి ఇంకో మనిషి కావాలి, ఆ ఇంకో మనిషి నెత్తినా తట్టే ఉంటుంది.

గొలుసు వేయకముందు మీరు సర్వే చేశారు కదండీ. ఆ కాగితం మీరు గర్వంగా నాకు వాట్సాప్‌లో పంపారు, గుర్తుందా? నడిచేవాళ్లు నూట నలభై మంది. వాహనాలు ఇన్ని. అందులో 'ఆటోలు 11' అని ఉంది. ఒక్కో ఆటోలో ఏడుగురండీ. ఏడుగురు మనుషుల్ని మీరు ఒక వాహనం అని రాశారు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ రోడ్డు మీద స్కేటింగ్ నేర్పుకోవచ్చని వేదిక తరఫున ఇచ్చిన కాగితం ఫణికిరణ్ గారి దగ్గర ఉందంట. వినయ్ గారు చూశారంట. సంతకం మీదంట. మీరు రాసిన రెండుత్తరాల్లోనూ ఆ మాట లేదు.

పిల్లల్ని తరిమేయడానికి అమ్మ వాంగ్మూలం నేను పంపను. ఆటోను గేటు దాకా రానివ్వమని అడగడానికైతే ఇవాళే పంపుతాను. నెత్తిన బరువు పెట్టకూడని మనిషి ఆటో లేకుండా తన చోటికి ఎలా చేరుతుందో మీరే చెప్పండి.

మీరు నాకు ఎదురు ప్రశ్న వేయడం నేర్పారు. అందుకే వేశాను.

దేవి


ఏలూరు,
7 జూన్ 2025.

దేవీ,

చాలా బాగుంది. రెండేళ్లు ఎండలో తిరిగినవాడు దోషి, పిల్లలకు కప్పులు తెప్పించడానికి రోడ్డును మైదానం చేసుకున్నవాళ్లు నిర్దోషులు! ఆటోల పొగ, ఆ హారన్లు, ఆ గట్టు మీద ఏడాదిలో ఇద్దరు నడిచేవాళ్లు లారీ కింద పడిన సంగతి నీకు గుర్తు లేదు కాబోలు. ఆ ఇద్దరి ఇళ్లకూ వెళ్లినవాణ్ణి నేను. గొలుసు ఊరికే వేయలేదు.

సంతకం నిజమే. పిల్లలతో నిండిన రోడ్డు ఫొటో పేపర్లో పడితే మళ్లీ గొలుసు తీయమని ఎవరూ అనరని లెక్కేసుకున్నాను. అది రాయకపోవడం తప్పే. మిగతాదానికి నేను ఒప్పుకోను.

భానుప్రకాష్


ఏలూరు,
15 జూన్ 2025.

దేవీ,

క్రితం ఉత్తరం పోస్టు చేశాక వారం రోజులు ఒక చోట కూర్చోలేకపోయాను. సర్వే నోటుబుక్కు తీశాను. నా చేతిరాతే. 'ఆటోలు 11.' దాని కింద రెండు గీతలు కూడా గీశాను, శత్రువును గుర్తుపట్టినట్టు.

నిన్న ఐదింటికి గొలుసు దగ్గర నిలబడ్డాను. ఆ తాళంచెవి ఇప్పటికీ నా జేబులోనే ఉంటుంది, రోజూ వేసేది నేనే. ఇన్నాళ్లూ తాళం వేసి ఇటు తిరిగి నడక మొదలుపెట్టేవాణ్ణి. నిన్న అటు చూశాను. ఆటోలు వచ్చి ఆగాయి. లెక్కపెట్టాను: డెబ్బై మూడు మంది ఆడవాళ్లు. మీ రత్నం పిన్ని నన్ను చూసి, "ఏవండీ మాస్టారూ, తాళం వేశారా, గట్టిగా వేశారా? మేమేం పారిపోంలెండి" అంది. ఆవిడ తట్టకు ఒక చెయ్యి వేద్దామని వంగాను. మోకాలి ఎత్తు దాకా లేచింది, అంతే. నీళ్లు నా చొక్కా నిండా కారాయి. "ఇంగిలాయిలండీ, ముల్లు గుచ్చుకుంటుంది, వదిలేయండి" అని అందరూ ఒకటే నవ్వు. వాళ్ల వెనకే గేటు దాకా ఉత్త చేతులతో నడిచాను. నాకు ఆయాసం వచ్చింది.

ముప్పై ఏళ్లుగా నేను పేదవాళ్ల పక్షమని చెప్పుకుంటున్నాను. పాదచారి అనే మాట వినగానే నా కళ్ల ముందు కనపడేది తెల్ల బూట్లు వేసుకున్న నాలాంటివాడేనని నాకు తెలియలేదు. నడక ఆరోగ్యం కోసం చేసేవాడే నాకు మనిషి. అన్నం కోసం పోయేది ట్రాఫిక్! ఇలాంటి సర్వే ఇంకెవరైనా రాసి ఉంటే వాణ్ణి చీల్చి చెండాడేవాణ్ణి.

సమావేశంలో తీర్మానం మారుస్తున్నాను. చేపలాటోలు ఆరున్నర దాకా గేటు వరకు రావాలి, ఎడ్ల బండి వేగంతో. స్కేటింగ్ ఆ తర్వాతే, రోడ్డు ఆ చివరనున్న సిమెంటు చప్టా మీద, తాడు కట్టి. లారీలకు గొలుసు గొలుసే. ఉపన్యాసం పన్నెండు పేజీలు వచ్చింది.

మాస్టారు


తాడేపల్లిగూడెం,
21 జూన్ 2025.

మాస్టారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. ఇంగిలాయిల దగ్గర నవ్వి నవ్వి తుంటి పట్టుకుంది. ఆ తర్వాత, "పాపం, ముసలాయన్ని నడిపించారా" అంది. మీకంటే తనే తొమ్మిదేళ్లు పెద్దదని గుర్తు చేశాను.

పన్నెండు పేజీలూ ఇంట్లో పెట్టి రండి మాస్టారూ. ఇరవై తొమ్మిదిన అమ్మను నేను తీసుకొస్తాను. కారు వినయ్ గారు పంపుతామన్నారు. అమ్మ మాట్లాడుతుంది. మీరు మాట్లాడితే వాళ్లు మీతో వాదిస్తారు, గెలవడమే అందరికీ పనైపోతుంది.

ఇంకో ముప్పై నాలుగు రోజులుందండీ శ్రావణానికి.

దేవి


ఏలూరు,
8 జూలై 2025.

దేవీ,

ఆ రోజు మీరు కారెక్కి వెళ్లిపోయాక హాల్లో ఏం జరిగిందో నీకు తెలియాలి.

మీ అమ్మ మాట్లాడినంతసేపూ అందరూ బుద్ధిగా విన్నారు. "పిల్లల్ని మానిపించకండి బాబూ, ఆడుకునే వయసు. మమ్మల్ని దిగే చోటు దాకా దిగనివ్వండి, అంతే" అంటే చప్పట్లు కూడా కొట్టారు. మా కోశాధికారి గారు లేచి, "పొద్దున్నే ఆ వాసన, ఆ పొగ..." అంటుంటే, "మీరు చేపలు తినరా బాబూ?" అని మీ అమ్మ, "మేం శాకాహారులమండీ" అని ఆయన. "అయితే మీకు వాసన ఎలా తెలిసిందండీ, ఎదురింటివాళ్లది పీల్చారా?" అనేసరికి హాలంతా గొల్లుమంది. నేను గెలిచామనే అనుకున్నాను.

మీరు వెళ్లాక ఓటింగ్. నా తీర్మానానికి తొమ్మిది. వ్యతిరేకంగా ముప్పై ఒకటి. చప్పట్లు కొట్టిన చేతులే. వినయ్ మన వైపు ఎత్తాడు, అది చెప్పాలి. నేను వదిలేసిన స్కేట్ల నిషేధాన్ని కోశాధికారి గారు పెడితే మాత్రం ఆ ముప్పై ఒక్క చేతులూ లేచాయి. పాపాయమ్మ మీద జాలితోనట! ఆవిడ అడగనిది ఆవిడ పేరు మీద ఇచ్చి, అడిగింది ఆవిడ అటు వెళ్లగానే కాదన్నారు.

అప్పటినుంచీ ఇల్లంతా తిరుగుతున్నాను. మా ఆవిడ సాయిప్రియ, "ఆ తిరుగుడు గట్టు మీద తిరగండి, గచ్చు అరిగిపోతోంది" అంటోంది. నా తగువు నాతోనే. జీవితమంతా సంఘాలు నడిపాను. ఓడిపోయిన తీర్మానాన్ని దొడ్డిదారిన గెలిపించుకునేవాళ్లను నలుగురిలో నిలబెట్టి కడిగేశాను. ఇప్పుడేం చేయాలి? ఓటు ఓటే అని చేతులు కట్టుకోవాలా? ఆ నలభై ఓట్లలో తట్ట మోసేవాళ్లది ఒక్కటి లేదు. డెబ్బై మూడు మంది కాళ్ల గురించి నలభై మంది ఓటేశారు. దాన్ని ప్రజాస్వామ్యం అనడానికి నాకు నోరు రావడం లేదు. కాదనడానికి చెయ్యీ రావడం లేదు.

వారం రోజులు కొట్టుకుని, నిన్న ఒక పని చేశాను. రోడ్డు మూయమన్న దరఖాస్తు మీద సంతకం వేదికది కాదు, నాది. వేదిక రిజిస్టరు కాకముందు నా పేరు మీద పెట్టింది. దాన్ని వెనక్కి తీసుకుంటూ, ఆటోల సంగతి చేరుస్తూ కొత్తది ఇచ్చాను. సర్వే కూడా మళ్లీ రాసి జత చేశాను. ఈసారి మనుషుల్ని మనుషులుగానే రాశాను. స్కేటింగ్‌కు చప్టా కూడా అడిగాను. జవాబు రావడానికి రెండు వారాలన్నారు. కార్యదర్శి పదవికి రాజీనామా కూడా ఇచ్చాను. ఇవ్వకపోయినా తీసేసేవాళ్లే. పొద్దున ఎదురుపడితే కోశాధికారి గారు కాలువలో నీళ్ల రంగు చూస్తూ వెళ్లిపోయారు.

నేను చేసింది సరైనదో కాదో నాకు తెలియదు. మీ అమ్మకు మాత్రం గెలిచామని చెప్పకు, ఇంకా గెలవలేదు.

మాస్టారు


తాడేపల్లిగూడెం,
13 జూలై 2025.

మాస్టారికి,

ఓటు సంగతి అమ్మకు చెప్పాను. మనం దాస్తే రత్నం పిన్ని ఫోన్లో చెబుతుంది కదండీ.

అమ్మ విని లేచింది. వాకరు వదిలేసి, గోడ పట్టుకుని, గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడం మొదలుపెట్టింది. "కిలోమీటరంటే ఎన్నిసార్లే ఇలా?" అని అడిగింది. తట్ట లేకుండా నడిచి వెళ్లి, చేపలు రత్నం చేత రెండో విడతలో తెప్పించుకుంటుందంట. "పిన్ని రెండుసార్లు తిరగాలా నీ కోసం?" అని గట్టిగా అరిచేశాను. ఇన్నాళ్లలో మొదటిసారి అమ్మ మీద అరిచాను. తను కూర్చుండిపోయింది. నేను వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఇంకో కష్టం కూడా ఉందండీ, మీకు రాయలేదు. తనిక కింద కూర్చోకూడదు. కత్తిపీట ముందు మఠం వేసుకోవడం కుదరదు. కుర్చీ వేసుకోవాలి. గేటు దగ్గర కుర్చీ వేస్తే వెనకవాళ్ల చేపలు కనపడవని వాళ్లు ఒప్పుకోరేమో. ఇవన్నీ కలిపి చూస్తే నాకు ఆశ లేదు.

మీరు చేసింది సరైనదేనా అని నన్ను అడగకండి. నాకూ తెలియదు. చేశారు, అది చాలు నాకు.

దేవి


ఏలూరు,
22 జూలై 2025.

దేవీ,

ఆదివారం నువ్వు మీ అమ్మను ఆటోలో దింపి మర్నాడు అంగన్వాడీ పిల్లల బరువులు చూడాలని తొమ్మిదింటి బస్సుకు వెళ్లిపోయావు. ఉత్తర్వు శుక్రవారం సాయంత్రం వచ్చింది, ఆరున్నర దాకా చేపలాటోలకు దారి, నెల రోజులు పరీక్షగా. నెల తర్వాత మళ్లీ కొట్లాటే. ఉండనీ.

నువ్వు చూడనిది రాస్తాను. కుర్చీ గురించి తగువైంది. నువ్వు భయపడ్డట్టే వెనకవాళ్లు లేచారు. సరిగ్గా వెనక కూర్చునే కొండబాబు తల్లి, "పాపాయమ్మత్త సింహాసనమెక్కింది, మేం దర్బారులో నిలబడాలా?" అంది. నేను నోరు తెరవబోయాను. రత్నం నా చొక్కా పట్టి వెనక్కి లాగింది. "మీరుండండి మాస్టారూ." వాళ్లలో వాళ్లు పావుగంట అరుచుకున్నారు. చివరికి కుర్చీ గోడ వారకు పోయింది, మీ అమ్మ మూడడుగుల చోటు గోడకు ఆనుకునేలా జరిగింది, గేటు పక్కది వెనకావిడకు వచ్చింది. చేప కోయడం రత్నం వంతు, బేరం మీ అమ్మ వంతు. మీ అమ్మ కాసేపు ముఖం ముడుచుకుంది. మొదటి బేరం తగలగానే మర్చిపోయింది.

ఫణికిరణ్ ఇంకా నాతో మాట్లాడటం లేదు. పిల్లలకు చప్టా ఇస్తారో లేదో తేలలేదు. స్కేటింగ్ ఆగిపోయింది. శ్రీదుర్గ సెలక్షన్లకు వెళ్లలేదట. అది నా మెడ మీద ఉంది, దించుకోలేను.

ఈ ఉదయం సంచి పట్టుకుని నేనూ వెళ్లాను. ఏడున్నరైంది. మీ అమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఎవరినో గదమాయిస్తోంది. నన్ను చూసి పలకరింపు కూడా లేదు.

"జెల్లలున్నాయా పాపాయమ్మా?"

"ఇప్పుడా రావడం? అయిపోయాయండీ. రేపు పెందలాడే రండి."

మాస్టారు